వానొచ్చిందంట

వన్నూరప్ప వచ్చినాడు,
తొమ్మిది నెలలకు, ఇరవై ఎనిమిది దినాలకు.
తల మీద వెంట్రుక ల్యా. మెడ మసిపట్టిన రాగిచెంబు.
బస్సు దిగి నన్ను చూసి
"ఏం రంగ్రూట్, ఇంకా లంబా లేటేనా?" అన్నాడు.
అర్థం కాల్యా. ఊరికే నవ్వితి.

సాయంత్రం మోరీ గట్టు మీద కూర్చోని
ఒక్కో మాటా ఇప్పి చెప్పినాడు.
లంబా లేట్ అంటే పండుకోవడం.
లంగరంటే వంటిల్లు.
"సముద్రం ఎరగని వజ్రకరూరోళ్ళం,
మనకు లంగరు అన్నం కాడ పడిందప్పా."
పిట్టూ పిట్ట కాదు,
ఈపుకు కట్టే సంచి, దాని నిండా ఇసుక.
రగడా అంటే మన మాదిరి నోటితో కాదు,
మోకాళ్ళతో, మోచేతులతో, కంకర మీద.
ఒకడు తప్పు చేస్తే నలభై మంది పాకాల.
చొక్కా మడిచి చూపించినాడు,
మోచేయి ఎండిన చింతతొక్క.

అవి దేశమంతా వాడే మాటలు.
అసలు మాటలు వేరే ఉండాయి.
ఆ బ్యారక్‌లో మనవైపోళ్ళు ఆరుగురంట,
రాయదుర్గం పిల్లోడు, ఆదోనోడు,
జమ్మలమడుగు కవలల్లో చిన్నోడు, ఇంకెవరో.
లైట్లు ఆర్పినాక
దోమతెరలోంచి దోమతెరలోకి
సొంతంగా ఒక బాస కుట్టుకున్నారంట.

ఉస్తాదు పేరు జాలికంప.
"పేర్లో జాలి ఉండాది, మనిషంతా ముల్లే."
ఎట్ల తెలిసిందో, ఒకనాడు ఆయనే అడిగినాడంట,
జాలీ మత్లబ్ క్యా?
ఆదోనోడు సావధాన్‌లో బిగుసుకోని
"దయా, ఉస్తాద్" అన్నాడంట.
ఆ పొద్దు రెండు రౌండ్లు తగ్గినాయంట.

పప్పు పేరు పెన్న.
ఏట్లో చెలమ తీసినట్లు
గరిటెతో బేడల కోసం తవ్వాల.
తొమ్మిదడుగుల గుంత పేరు మేనమామ బాకీ,
దూకితే తీరినట్లు, పడితే మునిగినట్లు.
మైదానంలో రాళ్ళు ఏరమంటే
మనోడే ముందు.
తొలకరికి చేన్లల్లో వజ్రాల కోసం
నడుం వంచి పెరిగినోడు గదా,
ఆ పనికి మా ఊరి పేరే పెట్టినారు.
"ఈపొద్దు వజ్రకరూరు ఉండాది" అంటే
ఆరుగురూ నేలచూపులు చూసేదంట.

నేను వింటానే ఉండా.
ఆ ర్యాలీలో నేనూ ఉరికినోణ్ణే.
పదహారు వందల మీటర్లు. నాలుగు సెకండ్లు.
ఆ నాలుగు సెకండ్ల అవతల
ఇంత బాస ఉండాదని నాకెవరు చెప్పినారు?
ఇప్పుడు ఉరవకొండలో డ్రిప్పు పైపులమ్ముతా.
నా అంగట్లో రెండే మాటలు,
అంగుళం, ముప్పావంగుళం.

"మరి సెలవుకేమంటారు?" అంటి.
వెంటనే చెప్పల్యా.
మోరీ కిందికి తొంగి చూసినాడు.
ఏముంటాది, ఇసుక.
"వాన" అన్నాడు.

"సెలవు దొరికిందా అని అడగం.
వానొచ్చిందా అంటాం.
మబ్బుండాదంటాం. ఉరిమిందంటాం.
సాబు చీటీ పక్కన పెడితే
గాలి ఎత్తకపాయ అంటాం.
జమ్మలమడుగోని అవ్వ పోయినప్పుడు
ఆపీసు ముందర మూడు దినాలు నిలబడినాడు.
పడల్యా.
ఆ రాత్రి వాని మంచం చుట్టూ
ఐదుగురం లంబా లేట్.
ఎవురూ పండుకోల్యా."

ఇరవై ఎనిమిదో నాడు పిట్టూ ఎత్తుకోని పాయ.

మాకు ఆషాడం ఉత్తదే పాయ, శ్రావణమూ పాయ.
చెనిక్కాయ చెట్టు పూత రాల్చుకుంది.
భాద్రపదంలో ఒక ఆదివారం, వాళ్ళకు ఫోన్లిచ్చే గంటలో,
అంగడి రేకుల మీద ఒక్కసారిగా దడదడ.
నేను ఆగలేక అరిస్తి:
"వన్నూరప్పా, వానొచ్చింది రా!"

అవతల వాడూ అరిచినాడు, నాకు కాదు, బ్యారక్‌కు:
"ఒరే, వానంట!"
ఇనుప మంచాలు కిర్రుమన్నాయి.
బూటేదో కింద పడింది.
"ఎవునికి? ఎవునికి రా?"

ఏం చెప్పాలో తెలీక
ఫోను రేకుల దగ్గరికి ఎత్తి పట్టుకుంటి,
చెయ్యంతా తడిసేదాకా.
అటువైపు ఎవురూ మాట్లాడల్యా.
దగ్గు కూడా ఇనపడల్యా.

తరువాత ఈల వేసినారు.
ఫోను ఆగింది.
రేకులు ఆగల్యా.