గొలుసు విప్పే చోటు

అమలాపురంలో ఆరు ఇళ్లు చూశాం
నేనూ, బొబ్బరా.

మొదటి ఇంటాయన జీతం అడిగాడు, ఇంటిపేరు అడిగాడు,
ఇంటిపేరులోంచి మిగతాది తనే తవ్వుకున్నాడు.
అన్నీ సరిపోయాక
నా మోకాలి వెనకనుంచి ఒక తడి ముక్కు బయటికొచ్చింది.
"కుక్కేటండీ బాబూ!" అన్నాడు
ప్రోనోటు మీద దొంగ సంతకం దొరికినట్టు.

రెండో ఇంట్లో కొత్త టైల్సు.
"గోళ్లకి గీరుకుపోతాయండి, ఏవీ అనుకోకండే."
కాఫీ ఇచ్చారు. బొబ్బరకి బిస్కెట్టు కూడా,
గేటు అవతల.

మూడో చోట కుక్క ఉండొచ్చు, జాతిదైతే.
"లాబ్రడారా?" ఆవిడ ఆశగా అడిగింది.
"రొయ్యల కంపెనీ గోడ కింద పుట్టిందండి" అన్నాను.
ఒంటి మీది మచ్చలు చూసి పెట్టిన పేరు,
గుప్పెడు బొబ్బర్లు ఎవరో విసిరినట్టుంటాయి.

నాలుగూ ఐదూ చెప్పను.
ఆరోది బాగానే ఉంది. మేడ గది, కిటికీ నిండా కొబ్బరాకులు.
కాని మెట్లు దిగితే మెయిన్ రోడ్డు,
ఐసు నీళ్లు కార్చుకుంటూ రాత్రంతా లారీలు.

ఇల్లు కావలసింది నాకు.
దానికి కావలసింది గట్టు.

చెరువుల్లో నీళ్లు సీసాలకి పట్టి
ఉప్పెంతో, అమ్మోనియా ఎంతో చెప్పే ఉద్యోగం నాది.
తిరగని గట్టు లేదు.
తిరిగిన గట్టు మీదల్లా ఒకటే లెక్క:
ఇక్కడ విప్పొచ్చా?
రొయ్యల చెరువు దగ్గర కంచెకి కరెంటు.
పంట బోదె పక్కన ఎలకల మందు కలిపిన నూకలు.
ఓడలరేవు ఇసకలో ఒక్కసారి విప్పాను.
పరిగెత్తడం అంటే అదీ!
తిన్నగా వెళ్లి ఆరబెట్టిన సావిడాయిల మీద పడింది.
రెండొందలు కట్టి,
తిట్లు ఉచితంగా తెచ్చుకున్నాం.

వైనతేయ పక్క లంకలో ఇల్లుందని
రేవులో పడవతను చెప్పాడు.
ఓలేటి కాసులమ్మ. చేతిలో సగం అల్లిన వల.
జీతం అడగలేదు. ఇంటిపేరు అడగలేదు.
"ఈతొచ్చా?" అంది.
"రాదండి."
"నిన్ను కాదే. దాన్ని."

తర్వాత మెట్లు చూపించింది.
"నీళ్లు ఏటా గుమ్మం దాకా వొత్తాయి,
ఒక్కో ఏడు గుమ్మం దాటతాయి.
ఇయ్యెక్కుద్దా?"
బొబ్బర అప్పటికే పైనుంచి మమ్మల్ని చూస్తోంది.

వల పక్కన పెట్టి, నా చేతిలో గొలుసుకేసి చూసింది.
"మాకూ ఉండేది. ఎర్రది.
ఆ యేడు అర్ధరాత్రి గట్టు తెగింది.
పిల్లల్ని ఎక్కించాం, బియ్యం ఎక్కించాం, మేకని ఎక్కించాం.
అది కొయ్యకే ఉండిపోయింది.
కోడి కూసేదాకా అరిచింది.
తర్వాత అరవలేదు."

"అద్దె ఎంతిత్తావో నువ్వే చెప్పు.
కట్టేత్తే మాత్రం ఇల్లివ్వను."

ఆ సాయంత్రం గట్టెక్కి కొక్కెం తీశాను.
బొబ్బర నాలుగడుగులు వేసి ఆగింది,
గొలుసు పొడవు ఎంతో సరిగ్గా అంత దూరంలో.
వెనక్కి తిరిగి నా చేతిని చూసింది.
ఖాళీ చెయ్యి ఊపాను.
నమ్మలేదు.
ఇంకో అడుగు వేసింది.
ఇంకోటి.
ఆ తర్వాత రెల్లులో గాలి దూసుకుపోయినట్టు ఒక గీత,
ఎక్కడో బుడుంగుమన్న చప్పుడు,
కొంగలన్నీ ఒక్కసారి లేచి
అవతలి ఒడ్డుకి ఫిర్యాదు చెయ్యడానికి వెళ్లాయి.

నేను గట్టు మీద కూర్చున్నాను.
పిలవలేదు.
పిలవకుండా ఎంతసేపు ఉండగలనో
నాకూ అదే మొదటిసారి.

చీకటిపడ్డాక వచ్చింది,
ఒళ్లంతా ఒండ్రు, చెవుల్లో పల్లేరుకాయలు.

ఇప్పుడు రోజూ పడుకోబోయే ముందు
కాసులమ్మ లాంతరు లేకుండా మా అరుగు మీదికొస్తుంది.
నాతో మాట్లాడదు.
వంగి, చీకట్లో దాని మెడ చుట్టూ తడిమి చూస్తుంది.
ఏమీ తగలకపోతేనే
వెళ్లి తలుపేసుకుంటుంది.