గుమ్మంలో దొరికిన శుక్రవారం

కోళ్ళ షెడ్డులోంచి లాగినప్పుడు
నాలుగు చక్రాలూ వచ్చాయి గానీ
బండి నేల సగం అక్కడే ఉండిపోయింది.
పారతో ఎత్తి బకెట్లో పోసుకున్నాం.
"అదీ మనం కొన్నదే కదా" అన్నాడు గెథిన్.

అరవై ఎనిమిది నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్.
ఒకప్పుడు ఎరుపట.
ఇప్పుడు ఏది రంగో ఏది రోగమో
సముద్రాన్నే అడగాలి.
లానెల్లిలో గాలి ఉప్పు మూట కట్టుకునే వస్తుంది.

నాది దీపం పట్టుకునే ఉద్యోగం.
జీతం: టీ, తిట్లు,
నిప్పురవ్వలు చిల్లులు పెట్టిన ఒక స్వెటర్.

మొదటి పాఠం: కోసే ముందు కట్టు.
తలుపు సందులో అడ్డంగా కడ్డీ వెల్డు చేయకుండా
కింది గుమ్మం కోశావా,
బండి నడుము దగ్గర జారిపోతుంది,
ఆ తర్వాత ఏ తలుపూ నీ మాట వినదు.
"మనుషులు కూడా అంతేనేమో" అన్నాను తెలివిగా.
"మనుషుల సంగతి నాకు తెలీదు. దీపం ఎత్తు."

స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయాడు,
పుచ్చకాయ కొనేవాడిలా చెవి ఒగ్గి.
టంగుమంటే సుద్దతో గీత.
డొప్పుమంటే సున్నా.
మధ్యాహ్నానికి బండి నిండా సున్నాలే.

ఎడమ గుమ్మం మాత్రం నున్నగా ఉంది.
మరీ నున్నగా.
అయస్కాంతం ఆనించాడు. జారి పడింది.
మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది.
"పైన పటారం!" అని ఉలి అందుకున్నాడు.
పెచ్చులు పెచ్చులుగా లేచింది పుట్టీ, వేలెడు మందం.
దాని కింద కోళ్ళ దడి కట్టే వల.
వల వెనక కుక్కిన వార్తాపత్రికలు.

ఇక మొదలు.
ఈ పని చేసినవాడి చేతులు పడిపోనూ,
వాడి వంశంలో ఎవడికీ స్పానర్ పట్టే యోగం లేకపోనూ,
పక్క సీట్లో పిల్లని కూర్చోబెట్టుకుని
ఎవడో కొండ మలుపు తిరుగుతాడని
తట్టిందా ఆ కాగితాల వెధవకి!
వెల్ష్‌లో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని,
ఏ భాషవో తెలియనివి మరికొన్ని.

నేను కాగితాలు విప్పుతున్నాను.
డెబ్బై ఏడు, జూన్.
రగ్బీ క్లబ్బు విందు. తప్పిపోయిన ఆవు.
ఓ మూల గళ్ళ నుడికట్టు,
నీలం బాల్‌పెన్నుతో సగం నింపింది.
ఏడు నిలువు: తప్పు రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే తప్పు.
ఇంగ్లీషు 'ఇ' రాసిన చోటల్లా
తిరగేసిన మూడంకె.

టీ డబ్బా మీద రోజూ చూసేదే ఆ మూడంకె.
బోల్టుల సీసాల మీద.
గోడ మీద, నా పేరులో మూడుసార్లు.

చూపించాను.
తిట్లు ఆగిపోయాయి.

"శుక్రవారం" అన్నాడు చాలాసేపటికి.
"మర్నాడు రోడ్డు పరీక్ష.
రేకు కొనమంటే ప్రాసర్ డబ్బుల్లేవన్నాడు.
నాకు పంతొమ్మిది.
రంగు ఆరాక ఇలా అరచేయి పెట్టి చూసుకున్నాను.
ఎంత బాగా వచ్చిందనుకున్నానో, మెరెరిద్."

అరచేయి గాల్లోనే ఉంది.
అక్కడ గుమ్మం లేదు.

"ఇన్నేళ్ళలో ఎవరినీ చంపలేదుగా" అన్నాను.
"మనకి తెలిసినంతలో" అన్నాడు.

ఆదివారం కొత్త రేకు వంచాడు,
బిగించాడు, టార్చి నా చేతికిచ్చాడు,
దీపం తను పట్టుకున్నాడు.
మూడుసార్లు వెల్డు చేశాను.
మూడుసార్లూ కోసేయించాడు.
నాలుగోది చూసి ఏమీ అనలేదు,
జేబులోంచి అయస్కాంతం తీశాడు.
టక్కున అతుక్కుంది.
పీకి, మళ్ళీ పెట్టాడు. టక్.
పిల్లాడిలా ఇంకోసారి.

కాగితాన్ని మడిచి టీ డబ్బా కింద పెట్టాం.
ఏడు నిలువు ఇప్పటికీ ఇద్దరికీ రాలేదు.

కుడి గుమ్మం ఇంకా తెరవలేదు.
అదీ నున్నగానే ఉంది.