అద్దె దీపాలు

నా కొట్టులో ముప్పై ఏడు దీపాలు.
పగలంతా రేకు కప్పు మీద ఎండ తాగించి
పొద్దుగూకాక పడవలకి అద్దెకిస్తాను.
ఒక్కోదానికీ పిడి దగ్గర నీలం చుక్క పెట్టుకున్నాను,
పదిచేతులు మారినా నాదేనని తెలియడానికి.

టాంగన్యికా మీద చీకటి పడితే
దాగా చేపలు వెలుతురుకి పైకొస్తాయి,
పిచ్చివి, చంద్రుడనుకుని.
దాగా అంటాం మేం, ఇక్కడ కిగోమాలో.
బురుండిలో ఎన్‌దగాలా.
ఎదుటి కొండల కింద కాంగోలో ఎన్‌దకాలా.
దక్షిణాన జాంబియా వాళ్ళకి కపెంతా.
ఉన్నది వేలెడంత, పేర్లు నాలుగు.
ఏ పేరుతో పిలిచినా పలకదు.
ఏ గట్టున పుట్టిందో ఏ గట్టున ఎండుతుందో
ఆ లెక్క మనకే గానీ దానికి లేదు.

ఐదేళ్ళ కిందట పడవకి పది బుట్టలు.
నిరుడు మూడు.
దోమతెర గుడ్డతో వలలు కుట్టారు కొందరు,
కంటికానని పిల్లల్ని కూడా తోడేశారు.
"మేం ఆపితే వాళ్ళు పట్టుకుపోరూ?"
ఈ ఒక్క మాటా నాలుగు గట్ల మీద
ఒకేలా అరిగిపోయింది.

మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు,
ఏ రాత్రి ఎన్ని పడవలు కదిలాయో
నా అద్దె పుస్తకంలో ఉన్నంత నిజంగా
ఏ ఆఫీసులోనూ లేదని.
రెండు రోజులు.
ఫ్రెంచి మాట ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు స్వాహిలీలోకి,
మా దాకా వచ్చేసరికి చల్లారిన టీ.
రెండోనాడు బురుండి నిజిగామా, ఎండుచేపలమ్ముకునే మనిషి,
సంచిలోంచి గుప్పెడు తీసి
కాగితాల మీదే కుమ్మరించింది.
కాంగో అసుకులు ఒకటి నోట్లో వేసుకుని
ఉప్పు తక్కువైందన్నట్టు మొహం పెట్టాడు.
జాంబియా సింపాసా ఒకటి తీసుకుని
తన చిటికెన వేలి పక్కన పెట్టి చూశాడు.
వేలిగోరంత.
దుబాసీలకి కాసేపు పని లేకపోయింది.
ఆ సాయంత్రమే ఒప్పుకున్నారు:
మూడు నెలలు సరస్సుకి సెలవు.
నీళ్ళ మీద గీతలు గీసుకున్న నాలుగు దేశాలూ
ఒకే రాత్రి దీపాలార్పాలి.

నేనూ చెయ్యెత్తాను.
ఎత్తాక గుర్తొచ్చింది
ముందు ఆరేది నా పొయ్యేనని.

మొదటి నెల బ్యాటరీల కిస్తీ తప్పింది.
రెండో నెల కసావా గంజి పలచబడింది.
మగవాళ్ళు పడవలకి తారు పూశారు,
పూయడం అయిపోయాక పేచీలు పెట్టుకున్నారు.
ఒక రాత్రి ఊరికే నీళ్ళకేసి చూసి జడుసుకున్నాను.
ఇంత నల్లటి సరస్సుని
నలభై ఏళ్ళలో ఎన్నడూ ఎరగను.

అరవై నాలుగో రాత్రి
దూరంగా ఒక దీపం.

గట్టంతా లేచింది.
"కాంగో వాడే!"
"చెప్పలేదూ? నమ్మితే ఇంతే!"
కుర్రాళ్ళు వలలు భుజాన వేసుకున్నారు.
అవతలి గట్టునా ఇలాగే లేచి
వేళ్ళు మావైపు చూపిస్తుంటారు.

నేను కొట్లోకెళ్ళి లెక్కపెట్టాను.
ముప్పై ఆరు.
మళ్ళీ పెట్టాను. ముప్పై ఆరు.
తాళం పగల్లేదు.
రెండో తాళంచెవి మా చెల్లెలి కొడుకు సుదీ దగ్గరుంటుంది.
వాడి ఆకలి నాకు తెలియంది కాదు,
నెల్లాళ్ళుగా వాడి గిన్నెలో
గరిటె అడుగు గీకి పోస్తున్నది నేనే.

"ఎవరి దీపమే అది?" అడిగాడొకడు.
నీలం చుక్క అంత దూరానికి ఆనదు.
నేను నోరు విప్పకపోతే అది కాంగో దీపమే,
రేపు రాత్రికి నూరు పడవలు.

"మనదే," అన్నాను.
"నాది."

అందరికీ వచ్చిన భాషలోనే అన్నాను.
అయినా ఎవరో అనువాదం చేసిపెట్టాలన్నట్టు
కాసేపు నిలబడిపోయారు.
ఒక ముసలాయన వల దించాడు,
మిగతావాళ్ళు దించారో లేదో నేను చూడలేదు.
పుస్తకం తెరిచి ఆ రాత్రి తేదీ కింద రాశాను:
పడవలు ఒకటి.
అద్దె రాలేదు.