‘తె’ దగ్గర ఆగిన చీటీ

హనుమకొండలో, మెట్ల కింద ఒక గది.
అద్దె కట్టేది సంఘం, కాపురం చేసేది ఎలుకలు.
అక్కడ కూర్చుని నిఘంటువుకు చీటీలు రాస్తాను,
మాటకు రెండు రూపాయల లెక్కన.

ఈ వారం వీరత్వం నా వాటాకొచ్చింది.

ముందు సాహసం.
సంస్కృతంలో దాని పాత కేసు తిరగేస్తే
దోపిడీ, దొమ్మీ, బలవంతం.
శిక్ష పడ్డ మాట, ఎప్పుడు విడుదలైందో,
ఇప్పుడు బడిపిల్లల బహుమతి పత్రం మీద మెరుస్తున్నది.

పౌరుషం లోపల పురుషుడున్నాడు,
మగటిమి లోపల మగవాడు.
ఇద్దరినీ ఒకే గుండుసూదికి గుచ్చి పక్కన పెట్టాను.
బీరం వీరుడి కడుపునే పుట్టింది, పాపం,
నోట్లో నాని నాని
పలకడానికే తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది.

మిగిలింది తెగువ.
ఇది ఎక్కడినుంచీ రాలేదు, ఇక్కడిదే.
తెగు. తాడు తెగుతుంది, చెప్పు తెగుతుంది,
పెద్దమనుషులు కూర్చుంటే పంచాయితీ తెగుతుంది.
మరి తెగిపోవడంలోంచి
ధైర్యం ఎట్లా మొలిచింది?
పుస్తకంలోది కాదు, నోటిమాట ఒకటి
ఉదాహరణకు కావాలన్నారు.

కొత్తవాడ పోయాను.

ఆడెపు ఈరమ్మ, డెబ్బై ఒకటి, షత్రంజీల మగ్గం.
ఈరమ్మా, వీరమ్మా, అని అడిగాను.
“మా అవ్వ ఈరమ్మనే అన్నది.
నువ్వేం రాసుకుంటవో రాసుకో.”
పేరు మొదట్లో ఉన్న ‘వ’ ఎప్పుడో అరిగిపోయింది,
ఆమె బొటనవేలి గోరులాగే.

“ఆ యేడు వాన ఎడతెగలే బిడ్డా.
అద్దుమరాత్రి చెరువుకట్ట తెగిందని ఒకటే కేకలు.
మగ్గం గుంటల నీళ్లు, మంచం కింద నీళ్లు.
ఎదురింటి షబానా ఇద్దరు పోరగాండ్లతోని రేకులెక్కింది.
నడుమ ఉన్నది గల్లీ కాదు ఇగ, వాగు.
మగ్గం మీద పన్నెండు గజాల పడుగు,
ఎవలదో పెండ్లికి చెప్పిన షత్రంజి, సగం నేసిన.
కత్తెర దొరకలే. కొడవలి దొరికింది.”

ఆగింది. చాయ గ్లాసు అంచు కొంగుతో తుడిచింది.

“మొదటి పోగుకు చెయ్యి ఆడలే.
యాభై రెండేండ్లు
తెగిన దానికి ముడేసిన చెయ్యి గద.”

తర్వాత పోగులన్నీ ఒక్కసారే.
ఆమె, కోడలు పేనారు.
ఒక కొస దర్వాజ కమ్మికి,
ఇంకో కొస పక్కింటి సారంగపాణి నడుముకు.
పిల్లలొచ్చారు. షబానా వచ్చింది.
షబానా కుట్టుమిషను రాలేదు.

సొసైటీ వాళ్లు నూలు ఖరీదు
నాలుగు నెలల కూలిలో పట్టుకున్నారట.
“నాయమే, నూలు వాండ్లది,” అన్నది
ఎవరి మీదా కోపం లేని గొంతుతో.
నాకే కోపమొచ్చింది, ఆమె ముందు దాచుకున్నాను.

అప్పుడే నా చీటీల కట్ట దారం పుటుక్కుమంది.
నేల నిండా మాటలు.
నేను వంగి ఏరుతుంటే
ఆమె మాట ఆపకుండానే దారం అందుకుంది,
రెండు కొసలు నాలుకకు తడి చేసి కలిపింది.

“దీన్నే తెగువ అంటరా అవ్వా?”
“తెగువేంది? తెగినయి పోగులు.
నేను యాడ తెగిన, ఈడనే ఉన్న గద.”

రాత్రి చీటీ ముందేసుకున్నాను.
ప్రయోగం గడిలో ఆమె మాట, ఉన్నదున్నట్టు.
అర్థం గడిలో సాహసం అని రాసి కొట్టేశాను.
ధైర్యం అని రాసి
దాన్నీ కొట్టేయాలా అని చూస్తున్నాను.
ఎలుకలు తిరుగుతున్నాయి.
కట్టకు ఆమె వేసిన ముడి ఎక్కడుందో
వేలితో ఎంత తడిమినా తగలడం లేదు.