కరవని జోడు

నలభై మూడేళ్లు ఈ వీధి కాళ్లు కొలిచాను.
ఎవరి మడమ ఏ వైపు అరుగుతుందో,
ఎవరి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుంటుందో
పేర్లు మరిచినా అవి మరవను.
"జోడు కరుస్తోంది అడెలీనో" అని ఎవరైనా వస్తే
"రెండు వానలు పడనీ, అదే మెత్తబడుతుంది" అనేవాణ్ణి
నోట్లో మేకులతో, తలెత్తకుండానే.

ఇప్పుడు ఏ జోడూ నన్ను కరవదు.

పేగులో కంతి. పన్నెండు విడతల మందు.
కంతిని తినేసింది, కాదనను.
పోతూ పోతూ కుట్టు విప్పుకుంటూ పోయింది
బొటనవేలి దగ్గర మొదలెట్టి చీలమండ దాకా.
మొదట చీమలు.
తర్వాత ఫ్రిజ్‌లో పాలసీసా ముట్టుకుంటే కరెంటు.
రాత్రిళ్లు దుప్పటి అంచు తగిలినా నిప్పు.
పగలు మాత్రం ఏమీ లేదు
ఎవరివో కాళ్లు, ఉన్ని కుక్కినవి,
అరువు తెచ్చి తొడుక్కున్నట్టు.

ఆ మంగళవారం సంగతి చెప్పాలి.
గిమరాయిష్‌లో మామూలే, వాన.
పాదిరీగారి నల్లబూట్లకు అడుగులు మార్చాను.
రొట్టె కోసం మెట్లవీధి దిగాను, ఎక్కాను.
డోమినో ఆడి ఓడాను.
సాయంత్రం ఎర్మెలిందా నా మేజోడు లాగి
"ఇదేం మరక?" అంది.
వైన్ ఒలికిందేమో అన్నాను.
అరంగుళం మేకు,
నా డబ్బాలోదే, నేను వాడే రకమే,
మడమలో తలదాకా దిగి ఉంది.
పొద్దుటి నుంచీ నాతోపాటే ఊరంతా తిరిగింది.
ఎర్మెలిందా ఏడ్చింది.
నాకు నొప్పి లేదని ఏడ్చింది.

నర్సు గ్రాసా పుండు కడుగుతూ తిట్టింది:
"నొప్పి ఉద్యోగం మానేసింది సెన్యోర్.
ఆ పని ఇక మీ కళ్లు చెయ్యాలి."

దుకాణంలో నేలమీద వాలుగా ఒక అద్దం ఉండేది,
కొత్త జోడు తొడిగి జనం అందులో
తమ కాళ్ల సొగసు చూసుకునేవాళ్లు.
దాన్ని ఇంటికి మోసుకొచ్చాను.
రోజూ దీపం దగ్గరికి లాక్కుని
నా అరికాళ్లు చదువుతాను, కళ్లజోడు పెట్టుకుని,
కోర్టు కాగితం చదివినట్టు.
ఎరుపుందా, పగులుందా, బొబ్బుందా.
నీళ్లు వేడో కాదో మోచెయ్యి చెప్పాలి
పసిపిల్లకి స్నానం పోసేముందులా.
వేళ్ల సందుల్లో తడి ఉండకూడదు,
అక్కడ వెన్నపూత కూడా వద్దంది గ్రాసా.
గోళ్లు నెలవంకలా కాదు, తిన్నగా గట్టు తీసినట్టు.
మేజోళ్లు తిరగేసి తొడుగుతాను
కుట్టు బయటికి ఉండేట్టు.
కుట్టుపనివాణ్ణి, కుట్టుకే భయపడుతున్నాను.
పక్కమీంచి స్నానాలగది దాకా కూడా
ఉత్తకాళ్లతో నడవను.

చేతివేళ్లూ మొద్దుబారాయి, అది ఎవరికీ చెప్పలేదు.
కాబట్టి పొద్దున్నే జోళ్లు బోర్లించి బల్లకేసి కొడతాను.
ఆ తర్వాత ఎర్మెలిందా లోపల చెయ్యి పెట్టి
మొన నుంచి మడమ దాకా తడుముతుంది.
ఇన్నేళ్ల కాపురంలో నా జోడు ముట్టని మనిషి,
తోలు కంపని ముక్కు మూసుకున్న మనిషి.
"ఏం లేదు, తొడుక్కో" అంటుంది.
తొడుక్కుంటాను.

నిన్న ఇదలీనా వచ్చింది, చేపలబజారు ఆవిడ.
"కొత్త జోడు కరుస్తోంది అడెలీనో."
నోట్లో మేకులు తీసి డబ్బాలో లెక్కపెట్టి వేశాను.
తలెత్తాను.
"ఎక్కడ?"
చూపించింది. వేలితో కొంచెం నొక్కాను.
"అబ్బా!" అని కాలు లాక్కుంది.

ఎంత బాగుందో ఆ మాట.
ఇంకోసారి నొక్కబోయి
మానుకున్నాను.