దారం యాడిది?

రాయదుర్గంలో మా వీధి
మిషన్ల గుర్రుతో లేస్తుంది.
ఎదురింటి తిప్పక్కవి జేబులు,
మూలింటి మాబున్నివి జిప్పులు,
నావి అంచులు.
ముగ్గురి చేతులూ తిరిగి
ఎవరివో తెలీని రెండు కాళ్ళు తయారై
బళ్ళారి లారీ ఎక్కుతాయి.

నా గోళ్ళ కింద నీలం చేరి పదకొండేళ్ళు.
నిమ్మతొక్కతో రుద్దినా, ఉప్పుతో రుద్దినా,
ఒకసారి శనగపిండిలో మజ్జిగ కలిపి
వేళ్ళకు పట్టించి గుడ్డ కట్టుకొని పండుకున్నా.
తెల్లారి చూస్తే
శనగపిండి నీలమైంది.

నాగవేణికి కాలేజీలో ఆఖరి పండగ.
అందరూ జీన్సు కోట్లంట, ఫోటో అంట.
అంగట్లో బొమ్మకు తొడిగింది చూపించింది.
చీటీ తిప్పినా: పద్దెనిమిది వందలు.
ప్యాంటుకు నాలుగు రూపాయల లెక్కన
నాలుగు వందల యాభై ప్యాంట్ల అంచులు.
అంటే తొమ్మిది వందల కాళ్ళు నడిచొచ్చి
ఒక్క పిల్ల భుజాలెక్కాల.
బొమ్మ భుజం మీద దుమ్ము దులిపి
ఇంటికొచ్చినాము.

కటింగు బల్ల కింద పేలికలు
మూటకు ఇరవై రూపాయలు, పొయ్యిలోకి పోతాయి.
మూడు వారాలు ఆ మూటలు నావి.
నీలమంటే ఒకటే అనుకుంటిమి గానీ
పరిచి చూస్తే ఎన్ని నీలాలు!
గ్యాసు మంట నీలం, రేషను కిరసనాయిలు నీలం,
వంకాయ తొడిమ పక్కన నీలం,
వస్తానని రాని వాన మబ్బు నీలం.
మా ఊర్లో ఈ చివరి దానికి కొరతే లేదు.

పాత యూనిఫారం మీద పేపరు పరిచి కొలత తీసినా.
నలభై మూడు ముక్కలు.
లోపల అస్తరు, నా చుక్కల నైటీ.
ఐదు గుండీలు, ఐదు కంపెనీల పేర్లు,
పక్కపక్కన కూర్చొని ఒకదానితో ఒకటి మాట్లాడవు.

పిల్ల పక్కన ఊరికే ఉంటుందా?
బీట్‌రూటు తురిమి, పిండి, వెన్నలో రంగరించి
పెదాలకని గిన్నెలో గడ్డ కట్టించింది.
మాబున్ని ముందుగా నాకి చూసి
"ఉప్పు తక్కువైందే" అన్నది.
ఆ రాత్రే నా గోళ్ళకు గోరింటాకు పెట్టింది:
"నీలం పోదులేమ్మా, దాని మీదనే ఎరుపు వేద్దాం."
పొద్దున్నే మాగిన రేగుపండు రంగు.
రెండు రోజులు బియ్యం కడగడానికి కూడా మనసు రాలేదు.

షెడ్డు ఓనరు ఈరన్న వచ్చినాడు ఒక సాయంత్రం.
తీగెకు వేలాడే కోటును తిప్పి, మళ్ళీ తిప్పి,
లోపలి కుట్లు గోటితో గీకి
"గుడ్డ చెత్తే, సరే. దారం యాడిది?"
తిప్పక్క మిషను ఆగింది. మాబున్నిది ఆగింది.

"డ్యామేజీ ప్యాంట్లు విప్పమని ఇస్తివి గదన్నా,
ఆ విప్పిన దారమే."
విప్పిన దారం పాత వంకరలు మర్చిపోదు.
తడిపి, సీసాకు బిగించి చుట్టి
రెండు రాత్రులు పెడితే గానీ మాట వినదు.
"నమ్మకుంటే ముడులు లెక్కపెట్టుకో.
రెండు వందల పైన ఉంటాయి."
లెక్కపెట్టినాడు! ముప్పై దాకా.
అక్కడ ఆగి, కోటు తీగెకు వేసి,
గడప దాటినాక అన్నాడు:
"ఇట్లాంటివి ఇరవై కుడతావా? రేటు చెప్పు."

నాలుగు రోజులైంది. చెప్పలేదు.
జీవితంలో నన్ను రేటు అడిగినోళ్ళు లేరు,
ఏ అంకె నోట్లో పెట్టుకున్నా
చిన్నదిగానో, దొంగదిగానో ఉండాది.

పండగ పొద్దున కోటు తొడిగినాక చూసుకున్నా,
కుడి చెయ్యి అరంగుళం పొడుగు.
నా గుండె జారింది. పిల్ల దాన్ని ఒక మడత పెట్టి
బస్సు ఎక్కి పోయింది.
సాయంత్రానికి అంగడి కోట్ల పిల్లలు నలుగురు
కుడి చేతులు మడుచుకొని ఫోటో దిగినారంట.

"ఫ్యాషనమ్మా" అంటుంది నాగవేణి.
కుడి చెయ్యి షెడ్డు టేపుతో కొలిచినా,
ఎడమది ఇంటి టేపుతో.
ఇంటి టేపు మొదట్లో అరంగుళం
ఎప్పుడో చిరిగిపోయింది.
చెప్పలేదు.