సెల్లు బొగ్గు

మల్కాపురంలో మా రేకుల షెడ్డుకి రెండు గాలులు.
ఒకటి ఉప్పు తెస్తుంది,
ఇంకోటి పోర్టు నుంచి బొగ్గు.
రాత్రి నూనెగుడ్డతో తుడిచి వదిలిన వైసు
తెల్లారేసరికి కావి కట్టుకుని కూర్చుంటుంది.

ఈ డ్రిల్లు మిషను షిప్‌యార్డు వేలంలో
తూకానికొచ్చిన తుక్కులోది.
పిడి లేదు. వైరు ఎలకలు తినేశాయి.
పేరు రేకు మీద అక్షరాలన్నీ అరిగి
వోల్టులు మాత్రం మిగిలాయి.
"ఇనప కొట్టోడికే అక్కర్లేంది మనకేటి?" అంది నీలవేణి.
అంటూనే టార్చి పట్టుకుంది.

నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి.
నాలుగోదానికి కిరసనాయిలు పోశాను,
ఒక రోజు ఆగాను, బతిమాలాను, తిట్టాను.
తుడిచి, సోల్డరు కాడ కాల్చి నెత్తిన పెడితే
టిక్కుమంది,
అలిగిన బావగారు విస్తరి ముందుకొచ్చినట్టు.

లోపల గ్రీజు మైనమైపోయింది.
బేరింగు తిప్పితే ఇసుక నమిలింది.
ఆర్మేచరు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను:
మాడు వాసన లేదు. బతికే ఉంది.

అప్పుడు బ్రష్షులు తీశాను.
ఒకటి కంపెనీది.
రెండోది ఎవరిదో.

టార్చిలైటు సెల్లు పగలగొట్టి
నడిమి బొగ్గుకడ్డీని ఆకురాయి మీద
నాలుగు పలకలు చేశాడు ఎవరో.
మూడు మూలలు నిక్కచ్చిగా వచ్చాయి.
నాలుగోది ఇంకా గుండ్రంగానే ఉంది,
సైరను మోగేసిందేమో.

స్టోర్సులో లేదని చీటీ రాసిచ్చి ఉంటారు.
తెల్లారితే ఓడ కదలాలి.
ఆ ఒక్క రాత్రికని చేసిన ముక్క ఇది.
ఎన్నేళ్ళు తెల్లారలేదో ఆ రాత్రి!
రాగి వంపంతా దీనికి పట్టేసింది,
పాత చెప్పుకి అరికాలు పట్టినట్టు.

పూర్ణా మార్కెట్లో తెచ్చిన కొత్త జత
కాయితం పొట్లంలో ఉంది. అరవై రూపాయలు.
"ఇంకా సగం ఉంది కదా, ఎందుకు మార్చడం?"
సెల్లు బొగ్గు గట్టిది, రాగిని తింటుంది,
చూడు, గాడి పడింది, అన్నాను.
అన్నది నిజమే.
కానీ పొట్లం విప్పడానికి
టీ తాగేంత సేపు పట్టింది నాకు.

హాక్సా బ్లేడు ముక్కతో గాళ్ళు గీకి,
కొత్త బేరింగు కొట్టి, గ్రీజు కూరి,
స్విచ్చి నొక్కాను.
నీలం నిప్పులు గుప్పున లేచి
మెల్లగా సన్నబడ్డాయి.
పక్కింట్లోంచి సన్యాసమ్మ అరిచింది,
టీవీలో బొమ్మ గెంతుతోందని.

మొదటి కన్నం ఆవిడ టిఫిను బండి చక్రానికే వేశాను.
చుట్టలు చుట్టలుగా ఇనుము లేచొచ్చింది, వెచ్చగా.

ఆ ముక్కని నీలవేణి నట్ల డబ్బాలో వేసింది.
నా బొటనవేలి మీద నల్లటి మరక.
దాని బొగ్గో, పోర్టు బొగ్గో.
సబ్బుకి పోలేదు.

పిడికి సరైన కర్ర దొరకలేదింకా.
సైకిలు ట్యూబు చుట్టాను,
ప్రస్తుతానికి.